మార్చిన ఫాంటుకు కొత్త పేరు పెట్టడం: ఒకే ఫాంటు పలు రూపాలను పక్కపక్కనే ఇన్‌స్టాల్ చేసుకోవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు ఫాంటుతో పనిచేసే వాళ్ళకు దాన్ని కాస్త సరిచేసుకోవాల్సిన అవసరం తరచూ వస్తుంది. ఒకరికి వరుసల ఎడం తగ్గాలి, ఒకరికి రూపాయి గుర్తు కావాలి, ఇంకొకరికి 2021లో యూనికోడ్ 14లో చేరిన నకారప్పొల్లు (పాత రాతలో పొల్లు నకారానికి వాడిన ప్రత్యేక రూపం, యూనికోడ్ సంఖ్య 0సీ5డీ) కావాలి. సరిచేసిన రూపాన్ని పాతదాని పక్కన పెట్టి చూద్దామంటే రెండోది ఎక్కదు. ఎక్కినా ఏది ఏదో తెలియదు. కింది జవాబులన్నిట్లో ఒకే ఉదాహరణ వాడాం: గూగుల్ ఉచితంగా ఇచ్చే నోటో సాన్స్ తెలుగు ఫాంటులో నకారప్పొల్లు చేర్చి, వరుసల ఎడం తగ్గించి, ‘తంగేడు’ అని కొత్త పేరు పెట్టడం. ఇక్కడ పేర్లు తెలుగులో రాస్తున్నా, ఫాంటులోకి ఇంగ్లిషు అక్షరాలతోనే ఎక్కించాలి.

ఫైలు పేరు మార్చాను. అయినా విండోస్ ‘ఈ ఫాంటు ఇప్పటికే ఉంది, దీని స్థానంలో పెట్టమంటారా?’ అని అడుగుతోంది. ఎందుకు?

ఫైలు పేరుకు, ఫాంటు పేరుకు సంబంధం లేదు. ఫాంటు ఫైలు లోపల సమాచారం టేబుళ్ళు అనే భాగాలుగా ఉంటుంది, వాటిలో ‘నేమ్’ అనే టేబుల్ ఒకటి. కుటుంబం పేరు, శైలి పేరు, పూర్తి పేరు, పోస్ట్‌స్క్రిప్ట్ పేరు (ముద్రణకు, పీడీఎఫ్‌లకు పనికొచ్చేది) అన్నీ అందులోనే ఉంటాయి. ఆపరేటింగ్ సిస్టమ్, వర్డ్, ఇన్‌డిజైన్ చూసేది వాటినే. ఫైలుకు మీరు ఏ పేరు పెట్టినా లోపల ‘నోటో సాన్స్ తెలుగు రెగ్యులర్’ అని ఉంటే అది పాత ఫాంటు కిందే లెక్క.

ఆ ప్రశ్నకు ‘అవును’ అంటే పాతది పోయి కొత్తది వస్తుంది. మాక్‌లో ఫాంట్ బుక్ అయితే నకలు ఉందని హెచ్చరిస్తుంది. లినక్స్ ఏమీ అనకుండా రెండిటినీ ఉంచుకుంటుంది. ప్రమాదం ఎక్కువ ఇక్కడే, ఎందుకంటే ఏ ఫైలులోంచి అక్షరాలు వస్తున్నాయో మెనూ చూసి చెప్పలేం.

లోపల ఏయే పేర్లు మార్చాలి?

నేమ్ టేబుల్లో ప్రతి పేరుకూ ఒక సంఖ్య ఉంటుంది. మనకు పని పడేవి ఇవి:

- 1, కుటుంబం పేరు: తంగేడు
- 2, శైలి: రెగ్యులర్ (దీన్ని కదిలించకండి)
- 3, ప్రత్యేక గుర్తింపు: వర్షన్, తయారీదారు కోడ్, పోస్ట్‌స్క్రిప్ట్ పేరు కలిపి రాసే వాడుక ఉంది. ఫాంటు ఫాంటుకూ వేరుగా ఉంటే చాలు
- 4, పూర్తి పేరు: తంగేడు రెగ్యులర్
- 6, పోస్ట్‌స్క్రిప్ట్ పేరు: తంగేడు-రెగ్యులర్ (ఖాళీలు ఉండకూడదు, మధ్యలో ఒకే ఒక హైఫన్)
- 16, 17, పెద్ద కుటుంబం పేరు, అందులో శైలి: ఇవి ఉంటేనే మార్చాలి, లేకపోతే కొత్తగా చేర్చనక్కర్లేదు

ఇంకా 18, 21, 22, 25 సంఖ్యల పేర్లు కొన్ని ఫాంట్లలో ఉంటాయి. ఉంటే వాటిలోనూ పాత పేరు మిగలకుండా చూసుకోండి.

ఎక్కువమంది ఆగిపోయేది 16 దగ్గరే. 1, 4, 6 మార్చేసి 16ను వదిలేస్తే పాత తరహా ప్రోగ్రాముల్లో ‘తంగేడు’ అని, 16ను నమ్ముకునే ఇన్‌డిజైన్ లాంటి వాటిలో ‘నోటో సాన్స్ తెలుగు’ అని కనిపిస్తుంది. ఒకే యంత్రంలో ఒక ప్రోగ్రాములో కొత్త పేరు, ఇంకో ప్రోగ్రాములో పాత పేరు కనిపిస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే. సగం మార్చిన ఫాంటు అసలు మార్చని ఫాంటు కన్నా ఎక్కువ తిప్పలు పెడుతుంది.

ఒకే పేరు రెండు మూడు చోట్ల కనిపిస్తోంది. అన్నీ మార్చాలా?

అన్నీ మార్చాలి. ఒకే పేరును విండోస్ కోసం ఒకసారి (ప్లాట్‌ఫామ్ 3), పాత మాక్ కోసం ఇంకోసారి (ప్లాట్‌ఫామ్ 1) రాసే అలవాటు ఉంది. మాక్ రికార్డులు ఇప్పటి యంత్రాలకు అవసరం లేదు. వాటిని తీసేసినా నష్టం లేదు. ఉంచితే మాత్రం కొత్త పేరుతోనే ఉంచాలి.

కొన్ని తెలుగు ఫాంట్లలో పేరు తెలుగులో కూడా ఉంటుంది. విండోస్ రికార్డుల్లో భాష సంఖ్య 1098 (పదహారు అంకెల పద్ధతిలో 044ఎ) అని ఉంటే అది తెలుగు పేరు. 1033 ఇంగ్లిషు. ఇంగ్లిషు పేరు మార్చి తెలుగు పేరు వదిలేస్తే, విండోస్‌ను తెలుగులో పెట్టుకున్న వాళ్ళకు పాత పేరే కనిపించవచ్చు.

హెక్స్ ఎడిటర్‌తో (ఫైలును నేరుగా బైట్లుగా చూపి మార్చనిచ్చే సాధనం) పేరు మార్చే వాళ్ళకు వచ్చే చిక్కు కూడా ఇదే. విండోస్ రికార్డులో ఒక్కో అక్షరానికి రెండు బైట్లు, మాక్ రికార్డులో ఒకటే. అందువల్ల వెతికినప్పుడు ఒక రకమే దొరుకుతుంది, రెండోది అలాగే ఉండిపోతుంది. పైగా ఫైలు చెడలేదని సరిచూసే లెక్కలు (చెక్‌సమ్‌లు) తప్పుతాయి. ఆ దారి వద్దు.

దీనికి ఏ సాధనం మంచిది?

పేరు మార్చడం ఒక్కటే పనైతే ఫాంట్‌టూల్స్ అనే పైథాన్ సాధనాలతో వచ్చే టీటీఎక్స్ (ఫాంటును ఎక్స్‌ఎంఎల్‌గా విప్పి తిరిగి కట్టే ఆదేశం). పైథాన్ ఉన్న ఏ యంత్రంలోనైనా పిప్‌తో ఎక్కించుకోవచ్చు. ఇది మీరు అడిగిన టేబుల్‌నే విప్పుతుంది. అక్షరాల రూపాలను, వొత్తుల నియమాలు ఉండే జీసబ్, జీపాస్ టేబుళ్ళను ముట్టుకోదు. తెలుగు ఫాంటుకు ఇది చాలా ముఖ్యం.

1. అసలు ఫైలుకు నకలు తీసి వేరే ఫోల్డరులో పెట్టండి. పని నకలు మీదే చేయండి.
2. టీటీఎక్స్‌కు మైనస్ టీ స్విచ్, ఆ తర్వాత నేమ్ అనే టేబుల్ పేరు, చివర ఫాంటు ఫైలు పేరు ఇవ్వండి. ఒక్క నేమ్ టేబుల్ మాత్రమే ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా బయటికొస్తుంది.
3. దాన్ని మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి పై జాబితాలోని సంఖ్యలున్న రికార్డులను ఒక్కొక్కటిగా మార్చండి. యూటీఎఫ్-8లోనే సేవ్ చేయండి.
4. ఈసారి టీటీఎక్స్‌కు మైనస్ ఎమ్ స్విచ్, దాని పక్కన ఫాంటు ఫైలు, చివర మార్చిన ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఇవ్వండి. మిగతా టేబుళ్ళన్నీ పాత ఫైలులోంచి తీసుకుని కొత్త ఫాంటు కడుతుంది. అదే పేరుతో ఫైలు ముందే ఉంటే దాని మీద రాయదు, పేరు చివర హ్యాష్ గుర్తు, 1 చేర్చి వేరే ఫైలు చేస్తుంది. ఆ సంగతి చూసుకోక పాత ఫైలునే మళ్ళీ ఇన్‌స్టాల్ చేసే వాళ్ళు చాలామంది.
5. ఫాంటులో డీసిగ్ అనే డిజిటల్ సంతకం టేబుల్ ఉంటే తీసేయండి. మార్చిన ఫాంటుకు ఆ సంతకం చెల్లదు.

మూడో అడుగులో ‘అన్నిటినీ ఒక్కసారే మార్చు’ నొక్కకండి. కాపీరైట్ (0), ట్రేడ్‌మార్క్ (7), లైసెన్సు (13) రికార్డుల్లో కూడా పాత పేరు ఉండొచ్చు. అక్కడ అది అలాగే ఉండాలి. అసలు చేసినవారి కాపీరైట్ వాక్యంలో వాళ్ళ ఫాంటు పేరు చెరిపి మీ పేరు రాయడం తప్పు. మీ మార్పుల గురించి ఒక వాక్యం దాని కింద చేర్చుకోవచ్చు.

అక్షరాల మార్పులు ఫాంట్‌ఫోర్జ్‌లో చేశాను. పేరు కూడా అక్కడే మార్చొచ్చా?

ఎలాగూ ఫాంట్లు గీసే ఆ ఉచిత ప్రోగ్రాములోనే పనిచేస్తుంటే మార్చొచ్చు. ఎలిమెంట్ మెనూలో ఫాంట్ ఇన్ఫో తెరవండి. పీఎస్ నేమ్స్ పేజీలో మూడు గళ్ళు చూడండి: ఫాంట్‌నేమ్ (ఇది 6), ఫ్యామిలీ నేమ్ (1), నేమ్ ఫర్ హ్యూమన్స్ (4). అంతటితో అయిపోయిందనుకోవద్దు. టీటీఎఫ్ నేమ్స్ పేజీకి వెళ్ళి ప్రిఫర్డ్ ఫ్యామిలీ (16), ప్రిఫర్డ్ స్టైల్స్ (17), యూనిక్ ఐడీ (3) చూడండి. మొదటి పేజీలో మార్చినంత మాత్రాన ఇక్కడ ముందే రాసి ఉన్నవి మారవు. ఫైలు మెనూలో జెనరేట్ ఫాంట్స్‌తో ఫాంటు తయారవుతుంది. సేవ్ నొక్కితే వచ్చేది ఫాంట్‌ఫోర్జ్ సొంత ఫైలు, అది ఇన్‌స్టాల్ కాదు.

కేవలం పేరు కోసం మాత్రం మంచి తెలుగు ఫాంటును ఫాంట్‌ఫోర్జ్‌లో తెరిచి మళ్ళీ కట్టకండి. అది ఫాంటు మొత్తాన్ని విప్పి తన పద్ధతిలో తిరిగి కడుతుంది. జీసబ్ నియమాల అమరిక మారవచ్చు, వోల్ట్‌లో (ఫాంటు నియమాలు రాసే మైక్రోసాఫ్ట్ సాధనం) చేసిన ఫాంటైతే అందులో దాచిన మూల సమాచారం రాలిపోవచ్చు. ఫలితం పేరులో కనిపించదు, వొత్తుల్లో బయటపడుతుంది. ఫాంట్‌ఫోర్జ్‌లోంచి వచ్చిన ప్రతి ఫైలుతో జ్యోత్స్న, లక్ష్మి, రాష్ట్రం, వాఙ్మయం, స్త్రీ అని ఒకసారి రాసి చూడండి. మూడు హల్లుల సంయుక్తాలు సరిగ్గా పడితే చాలావరకు నియమాలు నిలిచినట్టే.

వర్షన్ నంబరు పెంచితే సరిపోదా?

సరిపోదు. వర్షన్ (5) చూసి రెండు ఫాంట్లను ఏ సిస్టమూ వేరు చేయదు. అయినా దాన్ని పెంచండి, హెడ్ టేబుల్లోని ఫాంట్ రివిజన్ అంకెను కూడా దానికి సరిపోల్చండి. ఫైలు ఏ మార్పు తర్వాతిదో రేపు తెలుసుకోవడానికి అదే ఆధారం.

కొత్త పేరు ఎలా పెట్టుకోవాలి? ఎంత పొడవు ఉండొచ్చు?

పాత తరహా విండోస్ ప్రోగ్రాములకు కుటుంబం పేరు 31 అక్షరాలు దాటకూడదు. పోస్ట్‌స్క్రిప్ట్ పేరు 63 అక్షరాలకు మించకూడదు. అందులో ఖాళీలు, అన్ని రకాల బ్రాకెట్లు, ఏటవాలు గీత, శాతం గుర్తు, తెలుగు అక్షరాలు పనికిరావు.

రూపాలను వేరుచేసే గుర్తును పేరు మొదట్లో గానీ మధ్యలో గానీ పెట్టండి. పొడవాటి పేరు చివర ‘ఎడం తగ్గించినది 2’ అని పెడితే మెనూలో ఆ చివరే తెగిపోతుంది. 31 దాటిన రెండు పేర్లకు మొదటి భాగం ఒకటే అయితే అవి ప్రోగ్రాముకు ఒకే ఫాంటులా కనిపించే ప్రమాదం కూడా ఉంది. ‘తంగేడు 01’, ‘తంగేడు 02’ లాంటి పొట్టి పేర్లు హాయి. 1, 2, 10 అని కాకుండా రెండంకెల్లో రాస్తే మెనూలో వరుస తప్పదు.

కుటుంబం పేరులో బోల్డ్, ఇటాలిక్ అనే మాటలు పెట్టకండి. వాటి చోటు శైలి గడి.

పేరు మార్చాక బోల్డ్ పనిచేయడం లేదు. లేదా బోల్డ్ నొక్కితే అక్షరాలు పూసినట్టు మందంగా వస్తున్నాయి.

బోల్డ్ ఫైలు లోపలి పేర్లు మార్చలేదు, లేదా దానికి కుటుంబం పేరు కొంచెం తేడాగా పడింది. ఒక ఖాళీ ఎక్కువైనా అది వేరే కుటుంబమే. జత దొరక్క వర్డ్ రెగ్యులర్ అక్షరాలనే కృత్రిమంగా లావు చేస్తుంది. అప్పుడు వొత్తుల సందులు పూడుకుపోతాయి.

విండోస్ పాత పద్ధతిలో ఒక కుటుంబానికి నాలుగే శైలులు: రెగ్యులర్, ఇటాలిక్, బోల్డ్, బోల్డ్ ఇటాలిక్. ఈ నాలుగిటికీ 1వ పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి. లైట్, మీడియం, బ్లాక్ లాంటివి ఉంటే వాటికి 1లో ‘తంగేడు లైట్’, 2లో రెగ్యులర్, 16లో తంగేడు, 17లో లైట్ అని రాయాలి.

రెగ్యులర్ ఒక్కటే ఉన్న ఫాంటుకు మీరే లావు రూపం చేస్తే పేరుతో పాటు ఇంకా మూడు చోట్లు మార్చాలి. ఓఎస్/2 టేబుల్లో బరువు 400 తీసి 700 పెట్టాలి. అదే టేబుల్లోని ఎఫ్‌ఎస్ సెలెక్షన్‌లో రెగ్యులర్ బిట్ (6) తీసి బోల్డ్ బిట్ (5) పెట్టాలి. హెడ్ టేబుల్లో మాక్ స్టైల్ బోల్డ్ బిట్ (0) పెట్టాలి. ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగకపోతే ఒక ప్రోగ్రాములో బోల్డ్ వస్తుంది, ఇంకోదాంట్లో రాదు.

వేరియబుల్ ఫాంటు సంగతేంటి?

వేరియబుల్ ఫాంటు అంటే అన్ని బరువులూ ఒకే ఫైలులో ఉండే ఫాంటు. నోటో సాన్స్ తెలుగును గూగుల్ ఫాంట్స్ నుంచి దించుకుంటే జిప్‌లో వేరియబుల్ ఫైలు ఒకటి, ‘స్టాటిక్’ ఫోల్డరులో విడివిడి బరువుల ఫైళ్ళు ఉంటాయి. రెండిటికీ కుటుంబం పేరు ఒకటే. రెండూ ఎక్కిస్తే మీరేమీ మార్చకముందే గొడవ మొదలవుతుంది. ఏదో ఒకటే ఎక్కించండి.

వేరియబుల్ ఫైలు లోపలి పేర్లు మార్చేటప్పుడు పై జాబితాతో పాటు 25ను కూడా చూడండి. అది లోపలి బరువుల పోస్ట్‌స్క్రిప్ట్ పేర్లకు మొదటి భాగం. 256, ఆపై సంఖ్యల్లో లైట్, బోల్డ్ లాంటి పేర్లు ఉంటాయి. వాటి జోలికి వెళ్ళకండి. ఎఫ్‌వార్, స్టాట్ టేబుళ్ళు వాటిని సంఖ్యతోనే పిలుస్తాయి. సంఖ్య మారితే మెనూలో శైలి పేర్లు తారుమారవుతాయి.

నా ఫైలు ఓటీఎఫ్. తేడా ఉందా?

లోపల సీఎఫ్ఎఫ్ టేబుల్ (పోస్ట్‌స్క్రిప్ట్ తరహా అక్షర రూపాలు ఉండేది) ఉంటే తేడా ఉంది. పోస్ట్‌స్క్రిప్ట్ పేరు, పూర్తి పేరు, కుటుంబం పేరు ఆ టేబుల్లో కూడా ఉంటాయి. టీటీఎక్స్‌తో నేమ్‌తో పాటు సీఎఫ్ఎఫ్‌ను కూడా దించి, అందులో మొదట కనిపించే ఫాంటు పేరును 6వ పేరుతో అచ్చంగా సరిపోల్చండి. సరిపోకపోతే తెర మీద బాగానే ఉంటుంది, ముద్రణ దగ్గర తేడా కొడుతుంది.

ఫాంటును మార్చడానికి, పేరు మార్చడానికి అసలు అనుమతి ఉందా?

లైసెన్సును బట్టి. విండోస్‌తో వచ్చే గౌతమి, వాణి, నిర్మలా యూఐ లాంటివి మార్చి పంచడానికి వీల్లేదు. పోతన 2000, వేమన 2000 జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు కింద వచ్చాయి. నోటో, లోహిత్ ఎస్‌ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. ఈ లైసెన్సు 1.1 కూర్పు తేదీ 2007 ఫిబ్రవరి 26.

ఓపెన్ ఫాంట్ లైసెన్సు మార్చుకోనిస్తుంది, పంచుకోనిస్తుంది. ఫాంటును ఒక్కదాన్నే అమ్మనివ్వదు. మార్చిన రూపాన్ని కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలి. లైసెన్సు ఫైలు మొదటి వరుసల్లో ‘రిజర్వుడ్ ఫాంట్ నేమ్’ అని ఏదైనా పేరు రాసి ఉంటే, మార్చిన ఫాంటును ఆ పేరుతో ఇవ్వకూడదు, రాతపూర్వకంగా అనుమతి ఉంటే తప్ప. నోటోకు అలాంటి రిజర్వు పేరు లేదు. కానీ నోటో అనేది గూగుల్ ట్రేడ్‌మార్క్. కొత్త పేరులో దాన్ని వాడకపోవడమే పద్ధతి. చట్టం మాట పక్కన పెట్టినా, మీరు సగం చేసిన మార్పు అసలు పేరుతో ఊళ్ళో తిరిగితే అందులోని తప్పులకు మాట పడేది అసలు చేసినవారు. ఆ ఒక్క కారణం చాలు పేరు మార్చడానికి.

కొత్త పేరుతో ఇన్‌స్టాల్ చేశాను. వర్డ్‌లో ఎంచుకున్నా తెలుగు అక్షరాలు పాత ఫాంటులోనే ఉన్నాయి.

వర్డ్ తెలుగును ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్’గా లెక్కేస్తుంది, దానికి వేరే ఫాంటు గడి ఉంది. కంట్రోల్ డీ నొక్కి ఫాంట్ డైలాగ్ తెరిచి, కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ కింద ఉన్న ఫాంటును మార్చండి. లిబ్రేఆఫీస్‌లో దాన్ని సీటీఎల్ ఫాంట్ అంటారు. ఆ గడి కనిపించకపోతే టూల్స్, ఆప్షన్స్, భాషల సెట్టింగుల్లోకి వెళ్ళి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కు టిక్కు పెట్టాలి.

ఫాంటు మారింది. కానీ నేను చేసిన మార్పు కనిపించడం లేదు.

మొదట అనుమానించాల్సింది క్యాష్‌ను, అంటే సిస్టమ్ దాచుకున్న పాత సమాచారాన్ని. ప్రోగ్రామును పూర్తిగా మూసి తెరవండి. విండోస్‌లో అప్పటికీ రాకపోతే సర్వీసెస్‌లో విండోస్ ఫాంట్ క్యాష్ సర్వీసును ఆపి మళ్ళీ మొదలుపెట్టండి, లేదా యంత్రాన్ని రీస్టార్ట్ చేయండి. లినక్స్‌లో ఎఫ్‌సి-క్యాష్ ఆదేశాన్ని మైనస్ ఎఫ్ స్విచ్‌తో ఇవ్వండి.

విండోస్‌లో ఇంకో మెలిక ఉంది. 2018 అక్టోబర్ అప్‌డేట్ నుంచి మామూలుగా ఇన్‌స్టాల్ నొక్కితే ఫాంటు మీ ఒక్కరి ఖాతాలోకే వెళ్తుంది. రైట్ క్లిక్ చేసి ‘ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్’ అంటేనే విండోస్ ఫాంట్స్ ఫోల్డరులో పడుతుంది. పాతది అక్కడ, కొత్తది ఇక్కడ, పేరొకటే అయితే ఒకటి తీసేసినా ఇంకొకటి పలుకుతూనే ఉంటుంది.

మార్పు వరుసల ఎడం గురించైతే క్యాష్ తప్పు కాకపోవచ్చు. ఎడం కొలతలు (పైకి ఎంత, కిందికి ఎంత అనే జత) మూడు చోట్ల ఉంటాయి: హెచ్‌హెచ్‌ఇఎ టేబుల్లో ఒక జత, ఓఎస్/2లో టైపో జత, విన్ జత. మాక్ చూసేది మొదటిది. విండోస్ ప్రోగ్రాములు చాలావరకు విన్ జతను చూస్తాయి, ఎఫ్‌ఎస్ సెలెక్షన్‌లో 7వ బిట్ పెట్టి ఉంటే టైపో జతను. ఒక్కచోటే మారిస్తే ఒక్కచోటే తేడా కనిపిస్తుంది. విన్ డిసెంట్‌ను మరీ తగ్గిస్తే కింది వొత్తులు కత్తిరించినట్టు తెగిపోతాయి. తగ్గించేముందు ఫాంటులో అన్నిటికన్నా కిందికి దిగే వొత్తు ఎంత దిగుతుందో కొలుచుకోండి.

నకారప్పొల్లు మాత్రమే వేరే ఫాంటులోంచి వస్తుంటే మీ ఫాంటు తప్పు లేకపోవచ్చు. యూనికోడ్ 14కు ముందటి సిస్టమ్‌కు అది తెలుగు అక్షరమని తెలియదు.

రెండు రూపాలూ నిజంగా విడివిడిగా ఉన్నాయని ఎలా రుజువు చేసుకోవాలి?

ప్రతి రూపంలోనూ యూనికోడ్ ఏ అక్షరానికీ కేటాయించకుండా వదిలిన సొంత వాడుక ప్రాంతంలోని ఇ000 సంకేతం దగ్గర ఆ రూపం అంకెను గీసిపెట్టండి: తంగేడు 01లో 1, తంగేడు 02లో 2. వర్డ్‌లో ఇ000 అని ఇంగ్లిషులో టైపు చేసి ఆల్ట్ ఎక్స్ నొక్కితే ఆ గుర్తు వస్తుంది. ఫాంటు మార్చినప్పుడల్లా అంకె మారాలి. మారకపోతే పేర్లు ఎక్కడో కలిసిపోయాయి. అందరికీ ఇచ్చే రూపంలోంచి ఆ గుర్తు తీసేయండి.

లినక్స్‌లో ఎఫ్‌సి-స్కాన్‌కు ఫాంటు ఫైలు చూపిస్తే కుటుంబం, పూర్తి పేరు, పోస్ట్‌స్క్రిప్ట్ పేరు అన్నీ చెబుతుంది. ఇన్‌స్టాల్ చేయకముందే చూసుకోవచ్చు.

పేరు మారిస్తే పాత పత్రాలు ఏమవుతాయి?

అవి పాత పేరునే అడుగుతాయి. పాత ఫాంటు ఉన్నంతకాలం మారవు. మీరు కోరుకున్నదీ అదే. అది తీసేస్తే ప్రోగ్రాము వేరే ఫాంటు పెడుతుంది, పేజీలు కదులుతాయి. కొత్తదానికి మార్చాలంటే ఇన్‌డిజైన్‌లో టైప్ మెనూలోని ఫైండ్/రీప్లేస్ ఫాంట్ (పాత కూర్పుల్లో ఫైండ్ ఫాంట్), వర్డ్‌లో అయితే స్టైళ్ళలో మార్చడం మేలు. ఇన్‌డిజైన్ ఫైలు పక్కన ‘డాక్యుమెంట్ ఫాంట్స్’ అనే ఫోల్డరు చేసి అందులో ఫాంటు పెడితే, ఇన్‌స్టాల్ చేయకుండానే ఆ ఒక్క ఫైలుకు పనిచేస్తుంది.

పీడీఎఫ్‌లో, ప్రెస్సులో ఇబ్బంది ఉంటుందా?

పోస్ట్‌స్క్రిప్ట్ పేరు మార్చకపోతే ఉండొచ్చు. పీడీఎఫ్ ఫాంటును ఆ పేరుతోనే గుర్తుపెట్టుకుంటుంది. ఒకే పేరుతో రెండు వేర్వేరు రూపాలు వాడిన పీడీఎఫ్‌లను కలిపినప్పుడు, లేదా ఫాంటు పొదగకుండా ప్రెస్సుకు పంపినప్పుడు, ఒకదాని బదులు ఇంకొకటి పడొచ్చు. తెలుగులో సంయుక్తాలకు యూనికోడ్ సంఖ్య ఉండదు, ఫాంటులో వాటి వరుస సంఖ్యే ఉంటుంది. మీరు మధ్యలో ఒక్క గ్లిఫ్ (అక్షర రూపం) చేర్చినా ఆ తర్వాతవన్నీ ఒక్కో స్థానం జరుగుతాయి. అందుకే పేజీలో ఒక వొత్తు బదులు ఇంకో వొత్తు కనిపిస్తుంది. కొత్త గ్లిఫ్‌లను ఎప్పుడూ చివర చేర్చండి. పంపేముందు పీడీఎఫ్ ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ పేజీ తెరిచి, తంగేడు పేరు, పక్కన ‘ఎంబెడెడ్ సబ్‌సెట్’ అని ఉన్నాయో లేదో చూడండి.

వెబ్‌సైటులో వాడే ఫాంటుకు కూడా ఇదంతా అవసరమా?

చూపించడానికి అవసరం లేదు. సీఎస్ఎస్‌లో ఫాంట్ ఫేస్ దగ్గర మీరిచ్చే పేరే బ్రౌజరుకు పేరు. అయితే అక్కడ ‘లోకల్’ అని రాసి పాత పేరు ఇస్తే, చదివేవారి యంత్రంలో పాత ఫాంటు ఉన్నప్పుడు బ్రౌజరు దాన్నే తీసుకుంటుంది. మీ మార్పు మీకు కనిపిస్తుంది, వాళ్ళకు కనిపించదు. ‘లోకల్’ వరుస తీసేయండి. లైసెన్సులో రిజర్వు పేరు ఉంటే సీఎస్ఎస్‌లోనూ ఆ పేరు వాడకండి.

పాత పరీక్ష రూపాలను ఎలా తీసేయాలి?

కొత్తది ఎక్కించే ముందే తీసేయండి. విండోస్ సెట్టింగుల్లో పర్సనలైజేషన్, ఫాంట్స్‌లోకి వెళ్తే పేరుతో వెతికి అన్‌ఇన్‌స్టాల్ చేయొచ్చు. వాడుకలో ఉందంటూ తీయనివ్వకపోతే వర్డ్, ఇన్‌డిజైన్, బ్రౌజర్లు మూసి మళ్ళీ ప్రయత్నించండి. అప్పటికీ వదలకపోతే రీస్టార్ట్ చేసి, ఏ ప్రోగ్రామూ తెరవకముందే తీసేయండి.